జీడిపిక్క తొక్క, పాలిథిన్ కలిపి తీసిన నూనెకి ఏ క్యాటలిస్టు సరిపోతుంది?

#1 గుణుపురం ఫర్నేస్

అందరికీ నమస్కారమండి. సరుకుని గాలి తగలకుండా వేడి చేసి, వచ్చే ఆవిరిని చల్లార్చి నూనె తీస్తున్నాం. 200 కిలోల బ్యాచ్ రియాక్టర్, ఎంఎస్ (మామూలు ఉక్కు) ప్లేటుతో చేసింది. సరుకు: నూనె తీసేసిన జీడిపిక్క తొక్క చెక్క 120 కిలోలు, ప్లాస్టిక్ 80 కిలోలు. ప్లాస్టిక్ అంటే పాల కవర్లు, కిరాణా సంచులు, చిరిగిపోయిన ప్లాస్టిక్ బియ్యం బస్తాలు. కింద కట్టెల పొయ్యి. 500 డిగ్రీలకి చేరడానికి 5 గంటలు పడుతుంది. కండెన్సర్ ఒకటే, నీళ్లతో చల్లబడేది.

వచ్చే నూనె రెండు పొరలుగా విడిపోతోంది. కింద నల్లటి పులుపు నీళ్లు, పైన మైనం కలిసిన నూనె. కండెన్సర్ గొట్టం మూడో గంట దాటాక మైనంతో మూసుకుపోతోంది. నూనె వాడకం బాయిలర్ బర్నర్‌కే, బండికి కాదు. కానీ నాజిల్ రెండు రోజులకే జిగురు పట్టేస్తోంది.

జెడ్‌ఎస్‌ఎం-5 అనే జియోలైట్ (సన్నటి రంధ్రాలుండి రసాయన చర్యని నడిపే ఖనిజం) పొడి 5 శాతం సరుకులోనే కలిపేస్తే నూనె డీజిల్‌లా వస్తుందని అమ్మేవాళ్లు చెబుతున్నారు. కొనవచ్చా? ఎంత వేయాలి?

#2 కొరాపుట్ కెమిస్ట్రీ

కొనకండి, ఇప్పుడైతే అసలు వద్దు. మీ సమస్య క్యాటలిస్టు లేకపోవడం కాదు, రెండు రకాల ఆవిర్లు ఒకదానికొకటి ఎదురుపడకపోవడం.

తొక్కని ప్లాస్టిక్‌తో ఎందుకు కలుపుతామో ముందు చూడండి. జీవపదార్థంలో ఆక్సిజన్ ఎక్కువ, ఇవ్వడానికి హైడ్రోజన్ లేదు. హైడ్రోజన్ అణువుల సంఖ్యలోంచి ఆక్సిజన్ సంఖ్యకి రెట్టింపు తీసేసి, కార్బన్‌తో భాగించి చూస్తే సెల్యులోజ్‌కి సున్నా వస్తుంది, పాలిథిన్‌కి 2 వస్తుంది. పాలిథిన్ ఆవిరి దగ్గర ఉన్న ఆ హైడ్రోజన్ తొక్క ఆవిరికి అందితే ఆక్సిజన్ నీళ్లుగా బయటికి పోయి నూనె బాగుపడుతుంది. కలిపి వండడంలో ఉన్న లాభమంతా ఇదే.

ఇప్పుడు మీ వేడి లెక్క చూడండి. తొక్కలోని పదార్థాల్లో హెమీసెల్యులోజ్ 220 నుంచి 315 డిగ్రీల మధ్య, సెల్యులోజ్ 315 నుంచి 400 మధ్య విడిపోతాయి. లిగ్నిన్ ఒక్కటే నెమ్మదిగా చాలా దూరం సాగుతుంది. పాలిథిన్ 430 దాటితే గానీ జోరుగా ఆవిరి కాదు, బస్తాల్లోని పాలీప్రొపిలీన్ దానికన్నా కాస్త ముందు. 5 గంటల నిదానపు వేడిలో తొక్క ఆవిరి అంతా వెళ్లిపోయి, కండెన్సర్‌లో చల్లారి కూర్చున్నాక ప్లాస్టిక్ ఆవిరి మొదలవుతోంది. అంటే మీరు రెండు వేర్వేరు వంటలు ఒకే గిన్నెలో ఒకదాని తర్వాత ఒకటి చేసి, రెండింటినీ ఒకే డ్రమ్ములో పోస్తున్నారు. దానికి ఏ జియోలైట్ కలిపినా ఇంతే.

రేపటి బ్యాచ్‌లో పైసా ఖర్చు లేకుండా ఒకటి చేయండి. లోపలి సరుకు 400 డిగ్రీలు చేరగానే డ్రమ్ము మార్చండి. మొదటి డ్రమ్ములో పుల్లటి నీళ్లు, తారు. రెండో దాంట్లో ప్లాస్టిక్ నూనె, మైనం. రెండింటికీ మందు వేరు.

#3 పర్లాకిమిడి వెల్డింగ్

డ్రమ్ము మార్చేముందు ఒక మాట. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) రియాక్టర్ గోడకి తగిలించి ఉంటే ఆ 400 నిజం కాదు. పొయ్యి మండుతున్నప్పుడు గోడకీ సరుకు మధ్యకీ 80 నుంచి 100 డిగ్రీల తేడా ఉంటుంది, పాలిథిన్ కరిగి ముద్దయ్యాక ఇంకా ఎక్కువ. కె-రకం థర్మోకపుల్‌ని అడుగు మూసిన పైపులో పెట్టి సరుకు నడిమధ్య దాకా దింపండి. ఆవిరి బయటికొచ్చే గొట్టంలో ఇంకొకటి. రెండూ చూస్తేనే ఏది ఎప్పుడు వస్తోందో తెలుస్తుంది.

#4 గుణుపురం ఫర్నేస్

గోడకే ఉందండి. మార్పిస్తాను. అయితే జెడ్‌ఎస్‌ఎం-5 బర్నర్ నూనెకి ఎప్పటికీ పనికిరాదా?

#5 కొరాపుట్ కెమిస్ట్రీ

అది గొప్ప క్యాటలిస్టే. దాని రంధ్రం సుమారు 5.5 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక్కోటి మీటరులో వెయ్యి కోట్ల వంతు). బెంజీన్, టోలుయీన్, జైలీన్ లాంటి ఉంగరం అణువులు అందులోంచి దూరి బయటికొస్తాయి, పెద్దవి రావు. అందుకే నూనె పల్చగా, పెట్రోల్ వాసనతో వస్తుంది. కానీ బర్నర్ నడిపేవారికి అది నష్టం. ఎందుకంటే నూనె తగ్గి గ్యాస్ బాగా పెరుగుతుంది. ఆక్సిజన్ ఉన్న తొక్క ఆవిరి తగిలితే ఒకటి రెండు బ్యాచ్‌లకే బొగ్గు పట్టి చచ్చుబడుతుంది. పైగా వచ్చిన నూనెలో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకం.

ఇంకోటి చాలామంది గమనించరు. పెట్రోలియం నిబంధనల్లో ఫ్లాష్ పాయింట్ (నూనె ఆవిరి నిప్పు తగిలితే భగ్గుమనే కనీస వేడి) 23 డిగ్రీల కన్నా తక్కువైతే ఏ-తరగతి, 23 నుంచి 65 లోపు బీ-తరగతి, 65 నుంచి 93 లోపు సీ-తరగతి. జియోలైట్‌తో పల్చబడ్డ నూనె నేరుగా ఏ-తరగతిలోకి జారిపోతుంది. నిల్వకి లైసెన్సు, స్విచ్‌లు, లైట్లు, దూరాలు అన్నీ మారిపోతాయి. బాయిలర్ పక్కన పెట్టుకునే సరుకుని చేతులారా ప్రమాదకరం చేసుకున్నట్టు.

సాల్వెంట్లు తీయాలనుకునేవాళ్లకైతే వేరే సంగతి. వాళ్లకి కూడా ఒక హెచ్చరిక: బస్తాలో వచ్చేది చాలాసార్లు అమోనియం రూపం. 550 డిగ్రీల దగ్గర గాలిలో 4, 5 గంటలు కాల్చి ఆమ్ల రూపంలోకి తెస్తేనే పనిచేస్తుంది. సిలికా-అల్యూమినా నిష్పత్తి ఎంతో అడగండి. 30 అంటే ఆమ్లగుణం ఎక్కువ, గ్యాస్ ఎక్కువ, బొగ్గు ఎక్కువ. 80 అంటే నెమ్మది.

#6 రాయగడ బాయిలర్

జియోలైట్ ఖరీదనుకుంటే రిఫైనరీలో బరువైన నూనెని విరవడానికి వాడేసిన ఎఫ్‌సీసీ క్యాటలిస్టు పొడి ఉంది కదా? అటు విశాఖపట్నం, ఇటు పారాదీప్, రెండు రిఫైనరీలూ మనకి అందుబాటులోనే ఉన్నాయి. రంధ్రం కూడా పెద్దదే, పాలిథిన్ గొలుసులు దూరతాయి.

#7 కొరాపుట్ కెమిస్ట్రీ

నిజమే, అది వై-రకం జియోలైట్, రంధ్రం సుమారు 7.4 ఆంగ్‌స్ట్రామ్‌లు. మైనాన్ని డీజిల్ స్థాయికి విరవడంలో జెడ్‌ఎస్‌ఎం-5 కన్నా నయం. కానీ మూడు అడ్డంకులు.

రిఫైనరీలో వాడిన క్యాటలిస్టు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల షెడ్యూల్‌లో ఉంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేకుండా లారీలో వేసుకొచ్చే సరుకు కాదు. అందులో నికెల్, వెనేడియం పట్టి ఉంటాయి, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూడోది సైజు. గింజ సుమారు 70 మైక్రాన్లు. పిండిలాంటి ఆ పొడిని అరమీటరు ఎత్తు బెడ్‌గా (ఆవిరి దాటే పరుపులా) పోసి ఆవిరిని తోయాలంటే 2 బార్లు దాటిన ఒత్తిడి కావాలని లెక్క చెబుతుంది. మన రియాక్టర్ల మూత గ్యాస్కెట్ అంతదాకా ఆగదు. 5 మి.మీ. గోళీలైతే అదే ఎత్తుకి ఒక సెంటీమీటరు నీటి మట్టమంత ఒత్తిడి సరిపోతుంది.

సరుకులో కలిపేయడం మీద కూడా చెబుతాను. 5 శాతం అంటే మీ బ్యాచ్‌కి 10 కిలోలు. కరిగిన పాలిథిన్ దాని చుట్టూ పూతలా పడుతుంది, తొక్క బూడిదలోని పొటాషియం ఆమ్ల కేంద్రాలని చంపేస్తుంది, చివరికి బొగ్గుతోపాటు చెత్తలోకి పోతుంది. 10 కిలోల క్యాటలిస్టుని ఒక్క వాడకంతో బొగ్గులో పారేయడమే. ఏ క్యాటలిస్టైనా వేరే డబ్బాలో, ఆవిరి దారిలో పెట్టాలి.

#8 బరంపురం ల్యాబ్

కెమిస్ట్రీ గారు చెప్పింది సరైందే. కానీ క్యాటలిస్టు కన్నా ముందు క్లోరిన్ సంగతి తేల్చాలి. ఎంఎస్ రియాక్టర్ అన్నారు గదా, క్లోరిన్ ఆమ్లమై దాన్ని తినేస్తుంది.

పీవీసీ బరువులో 57 శాతం క్లోరిన్. 250 డిగ్రీల నుంచే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా బయటికొస్తుంది. ఒక కిలో పీవీసీ జారినా 580 గ్రాముల ఆమ్ల వాయువు. దాన్ని పట్టడానికి కాగితం లెక్క ప్రకారం 450 గ్రాముల కాల్చిన సున్నం (కాల్షియం ఆక్సైడ్), పనిలో రెట్టింపు వేసుకోవాలి.

ఏరడం ఇలా: తురిమిన ప్లాస్టిక్‌ని నీళ్ల తొట్టిలో వేయండి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ తేలతాయి. పీవీసీ, పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్), పాలీస్టైరిన్ మునుగుతాయి. నురుగులా ఉన్న పీవీసీ, థర్మాకోల్ తేలతాయి కాబట్టి వాటిని ముందే చేత్తో తీయాలి. అనుమానం ఉన్న ముక్కకి రాగి తీగ పరీక్ష: తీగని మంటలో ఎర్రగా కాల్చి, ముక్కకి ఆనించి, మళ్లీ మంటలో పెడితే ఆకుపచ్చ మంట వస్తే క్లోరిన్ ఉన్నట్టు. పెట్ సీసాలు అసలు రానివ్వకండి. అది టెరిఫ్తాలిక్, బెంజోయిక్ ఆమ్లాల పొడిగా మారి కండెన్సర్‌లో తెల్లగా గడ్డకడుతుంది, మైనం అనుకుని మోసపోతారు. చిప్స్ కవర్లు కూడా వద్దు, వాటిల్లో చాలాసార్లు పెట్ పొర, అల్యూమినియం కలిసి ఉంటాయి.

#9 గుణుపురం ఫర్నేస్

మూడో గంట తర్వాత తెల్లగానే గడ్డకడుతోంది! అది మైనమా, పెట్ పొడా ఎలా తెలుస్తుంది?

#10 బరంపురం ల్యాబ్

ఒక చెంచా తీసి వేడినీళ్లలో వేయండి. మైనమైతే కరిగి పైన నూనె చుక్కల్లా తేలుతుంది. టెరిఫ్తాలిక్ ఆమ్లమైతే కరగదు, అడుగుకి దిగుతుంది. బట్టల సోడా నీళ్లలో మాత్రం బుడగలతో కరుగుతుంది.

#11 నవరంగపురం మొక్కజొన్న

మా వైపు గింజ ఒలిచిన మొక్కజొన్న బెండ్లు గుట్టలుగా దొరుకుతాయి. ఊక కూడా ఉంది. తొక్క బదులు అవి వాడితే క్యాటలిస్టుకి మేలా?

#12 కొరాపుట్ కెమిస్ట్రీ

ఊకలో బూడిద 15 నుంచి 20 శాతం, అందులో దాదాపు అంతా సిలికా. నూనె తక్కువ, బొగ్గు బూడిద ఎక్కువ. ఊకని బాయిలర్‌లో కాల్చుకోవడమే మర్యాద. బెండ్లలో బూడిద తక్కువ కానీ అందులో పొటాషియం వాటా ఎక్కువ. నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, పారబోసి, ఎండబెడితే పొటాషియం చాలావరకు పోతుంది, అది నీళ్లలో కరిగే ఉప్పే కదా. వానాకాలంలో ఆరబెట్టడమే కష్టం. తేమ 10 శాతం దాటితే ఆ నీళ్లని ఆవిరి చేయడానికే కట్టెలు తగలేస్తారు.

జీడి తొక్కలో ఒక ప్రత్యేకత ఉంది, మంచీ చెడూ రెండూ. అందులోని కార్డనాల్ అనే నూనె పదార్థానికి 15 కార్బన్ల తోక ఉంటుంది, అది ఇంధనానికి మంచి సరుకు. కానీ తొక్క ఆవిరిలోని ఆల్డిహైడ్‌లతో, ఆమ్లం సమక్షంలో, కార్డనాల్ రెసిన్‌లా గట్టిపడుతుంది. ఫ్యాక్టరీల్లో పెయింట్ రెసిన్లు చేసే పద్ధతే అది. మీ నాజిల్‌లో జిగురుకి మొదటి అనుమానం దీనిమీదే. ఆమ్లం తీసేస్తే సగం నయమవుతుంది.

#13 రాయగడ బాయిలర్

ఆమ్లం తీయడానికి సున్నం చాలదా? వేరే క్యాటలిస్టు దేనికి?

#14 కొరాపుట్ కెమిస్ట్రీ

మీ ప్రశ్న మంచిది. బర్నర్ నూనెకి నేను చెప్పబోయేది కూడా ఖరీదైనదేం కాదు. ముందు సున్నం, తర్వాత ఎర్రమట్టి. పొలంలో ఎర్రమట్టి కాదు, అల్యూమినా ఫ్యాక్టరీల వ్యర్థం, రెడ్ మడ్. దామంజోడిలో నాల్కో ఉంది, రాయగడ జిల్లా కాశీపూర్ వైపు ఇంకో అల్యూమినా ఫ్యాక్టరీ ఉంది. ఈ వ్యర్థం మన ప్రాంతంలో కొండల్లా పడి ఉంది. ఇందులో ఐరన్ ఆక్సైడ్ ఎక్కువ, దాంతోపాటు అల్యూమినా, సిలికా, టైటానియా, కాస్త సోడా. దీని మీదుగా పోతే తొక్క ఆవిరిలోని ఎసిటిక్ ఆమ్లం రెండేసి అణువులు కలిసి, కార్బన్ డయాక్సైడ్, నీళ్లు వదిలి, ఎసిటోన్‌గా మారుతుంది. జియోలైట్‌లా నూనెని గ్యాస్‌గా నరికేయదు. నూనె దిగుబడి పెద్దగా పడిపోకుండా పులుపు తగ్గడం మనకి కావలసిన పని.

సున్నం కూడా ఆమ్లాలని ఇలాగే మారుస్తుంది, కాదనను. కానీ ఆవిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని త్వరగా కార్బొనేట్ అయిపోతుంది. దాన్ని తిరిగి కాల్చిన సున్నం చేయాలంటే 850 డిగ్రీలు దాటాలి, మన డబ్బాలో అయ్యే పని కాదు. అందుకే సున్నాన్ని కాపలాగా వాడి పారేయాలి, రెడ్ మడ్‌ని బొగ్గు కాల్చి మళ్లీ మళ్లీ వాడాలి.

వరుస తప్పకూడదు. క్లోరిన్ ముందు రెడ్ మడ్‌కి తగిలితే ఐరన్ క్లోరైడ్ అవుతుంది, బెడ్ పాడవుతుంది.

#15 గుణుపురం ఫర్నేస్

కొలతలు చెప్పండి మాస్టారూ, ఫ్యాబ్రికేషన్‌కి ఇచ్చేస్తాను.

#16 కొరాపుట్ కెమిస్ట్రీ

200 కిలోల సరుకులో బొగ్గు, బూడిద సుమారు 40 కిలోలు పోతే 160 కిలోలు ఆవిరి. అది 4 గంటల్లో వస్తే గంటకి 40 కిలోలు. గంటకి కిలో క్యాటలిస్టు మీద కిలో నుంచి కిలోన్నర ఆవిరి పోనిస్తే సరిపోతుంది. కాబట్టి 30 కిలోల రెడ్ మడ్ గోళీలు. 300 మి.మీ. లోవ్యాసం ఉన్న డబ్బాలో ఇది సుమారు 450 మి.మీ. ఎత్తు వస్తుంది. దాని ముందు అదే వ్యాసంలో 300 మి.మీ. ఎత్తు సున్నం డబ్బా, 6 నుంచి 10 మి.మీ. ముక్కలు, 20 కిలోలు. సున్నం దుమ్ము జల్లెడ పట్టి తీసేయాలి.

సున్నం బెడ్ 450 నుంచి 480 మధ్య ఉండాలి. ఇంకా చల్లబడితే ఆవిరిలోని నీళ్లు పట్టి తడి సున్నంగా ఉబ్బి, పిండై దారి మూసేస్తుంది. రెడ్ మడ్ 450 చాలు.

గోళీలు చేసే తీరు: రెడ్ మడ్‌ని నీళ్లలో కలిపి, తేరనిచ్చి, పై నీళ్లు వంచేసి, మూడు నాలుగు సార్లు కడగండి. తెచ్చినప్పుడు పీహెచ్ 10 నుంచి 12 దాకా ఉంటుంది, గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. రేణువులు బాగా సన్నం కాబట్టి తేరడానికి రోజు పట్టినా కంగారు వద్దు. ఆరాక 10 నుంచి 15 శాతం బెంటనైట్ (ఒక రకం బంకమన్ను) కలిపి, చపాతీ పిండిలా తడిపి, జంతికల గొట్టం లాంటి అచ్చులోంచి 5 మి.మీ. పుల్లలుగా తీసి, నీడలో ఒక రోజు, 110 డిగ్రీల దగ్గర 12 గంటలు, చివరికి 550 దగ్గర 4 గంటలు. నీడలో ఆరబెట్టకుండా నేరుగా వేడిలో పెడితే పగుళ్లిచ్చి బెడ్‌లో పొడి పొడి అయిపోతాయి. కడిగిన నీళ్లలో సోడా ఉంటుంది, ఆమ్లంతో సరిచేయకుండా కాలువలోకి వదలకండి.

#17 పర్లాకిమిడి వెల్డింగ్

డబ్బాల గురించి నావి కొన్ని.

రియాక్టర్ మూత నుంచి సున్నం డబ్బా దాకా గొట్టం మీటరు మించకూడదు. దానికి హీటింగ్ టేపు, 50 మి.మీ. సిరామిక్ ఊలు చుట్టాలి. 400 కన్నా చల్లబడితే తారు అక్కడే పడుతుంది. గొట్టం 3 అంగుళాలు పెట్టండి, 2 అంగుళాలు పెట్టి బాధపడినవాళ్లే ఎక్కువ. డబ్బాల అడుగున చిల్లుల ప్లేటు, దాని మీద ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) జాలీ. డబ్బా ముందూ వెనుకా ఒత్తిడి తేడా చూపే నీళ్ల యూ-గొట్టం పెట్టండి. తేడా మామూలుగా 1, 2 సెం.మీ. ఉంటుంది. 15 సెం.మీ. దాటితే పొయ్యి తగ్గించండి, 30 దాటితే ఆపేయండి. మూతకి రప్చర్ డిస్క్ (ఒత్తిడి మించితే పగిలే పలక) లేదా బరువుతో లేచే కవాటం లేకుండా బెడ్‌లు బిగించవద్దు. బెడ్ అంటే ఆవిరి దారిలో అడ్డమే, అది మూసుకుంటే రియాక్టర్ ప్రెషర్ కుక్కర్ అవుతుంది.

ఎస్ఎస్ 304 పెడితే తుప్పు సమస్య తీరిపోతుందని అనుకోకండి. పులుపు నీళ్లకి అది ఎంఎస్ కన్నా నయం, కానీ క్లోరైడ్ తగిలితే వెల్డింగ్ పక్కన సన్నటి చీలికలు వస్తాయి. సున్నం తర్వాతి భాగానికి 316 వాడండి.

కండెన్సర్లు రెండు చేయండి. మొదటిది గాలితో చల్లబడి 120 నుంచి 150 మధ్య ఉండాలి, మైనం అందులో ద్రవంగా దిగుతుంది, గడ్డకట్టదు. ఆ మైనాన్ని తర్వాతి బ్యాచ్‌లో తిరిగి పోయండి. రెండోది నీళ్లది. చివర వాటర్ సీల్ కుండీ, దాని తర్వాతే గ్యాస్ పొయ్యికి.

#18 రాయగడ బాయిలర్

రెండు ఆవిర్లు కలవడం గురించి మొదట్లో అన్నారు. బ్యాచ్‌లో అది కుదరదన్నమాటేనా?

#19 పర్లాకిమిడి వెల్డింగ్

కుదరాలంటే రియాక్టర్ ముందే 500 దగ్గర ఉండాలి, సరుకు కొంచెం కొంచెంగా వేడిలో పడాలి. గంటకి 30, 40 కిలోల స్క్రూ ఫీడర్, రెండు నైఫ్ గేట్ వాల్వులు (పలకతో మూసుకునేవి), వాటి మధ్య గదిలోకి నైట్రోజన్. ఒక వాల్వు మూసుకున్నాకే రెండోది తెరవాలి. పాలిథిన్ 110 నుంచి 130 మధ్య కరుగుతుంది కాబట్టి స్క్రూ చివరి అడుగు భాగంలో అది వేడికి కరిగి తాడులా చుట్టుకుంటుంది. ఆ భాగానికి నీళ్ల జాకెట్ తప్పనిసరి. తొక్క పొడి, తురిమిన ప్లాస్టిక్ కలిపి గుళికలుగా నొక్కి వేస్తే విడిపోకుండా ఒకేసారి పడతాయి. ఖర్చు మూడింతలు. ముందు బెడ్‌లు, రెండు డ్రమ్ములతో బ్యాచ్‌ని సరిచేసుకుని తర్వాత ఆలోచించడం మంచిది.

#20 గుణుపురం ఫర్నేస్

బెడ్ ఎన్ని బ్యాచ్‌లకి కాల్చాలి? బ్లోయర్‌తో గాలి కొడితే సరిపోతుందా?

#21 కొరాపుట్ కెమిస్ట్రీ

బ్యాచ్‌ల సంఖ్య మీద పోకండి. యూ-గొట్టం తేడా, నూనె ఆమ్ల సంఖ్య (నూనెలో పులుపు ఎంతో చెప్పే అంకె) చూసి నిర్ణయించండి.

బ్లోయర్ ఒక్కసారిగా తిప్పితే బెడ్ పోతుంది. లెక్క చూడండి: బెడ్‌లో 3 కిలోల బొగ్గు పట్టి ఉంటే అది కాలితే సుమారు 100 మెగాజూళ్లు. 30 కిలోల బెడ్‌ని ఒక డిగ్రీ పెంచడానికి 30 కిలోజూళ్లు చాలు. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే బెడ్‌ని వేల డిగ్రీలకి లేపేంత ఉంది. కాబట్టి ముందు వాల్వుతో బెడ్‌ని రియాక్టర్ నుంచి, కండెన్సర్ నుంచి వేరు చేయండి. నైట్రోజన్‌తో డబ్బా ఘనపరిమాణానికి 5 రెట్లు ఊదండి. బెడ్ 400 దగ్గర ఉండగా నైట్రోజన్‌లో చాలా కొద్దిగా గాలి కలిపి మొదలుపెట్టండి. బెడ్ లోపల పై, మధ్య, కింద మూడు థర్మోకపుల్స్. ఏదైనా 550 చేరితే గాలి కట్, నైట్రోజన్ మాత్రమే. వేడి తరంగం పై నుంచి కిందికి దిగడం కనిపిస్తుంది, కిందిది కూడా పెరిగి తగ్గితే పని అయినట్టు. బయటికొచ్చే వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, షెడ్డు కప్పు పైకి పొగగొట్టం ఉండాలి.

వాడిన రెడ్ మడ్ నల్లబడి అయస్కాంతానికి అంటుకుంటుంది. అది సహజం, ఐరన్ ఆక్సైడ్ మాగ్నటైట్‌గా మారిందన్నమాట. కానీ ఆ స్థితిలో వేడిగా ఉన్న డబ్బాని తెరిస్తే గాలి తగిలి దానంతటదే ఎర్రబడుతుంది. 60 కన్నా దిగాకే తెరవండి. రియాక్టర్ బొగ్గు కూడా అంతే.

#22 బరంపురం ల్యాబ్

ఆమ్ల సంఖ్య మీ షెడ్డులోనే చూసుకోవచ్చు. 1 గ్రాము నూనెని 50 మి.లీ. టోలుయీన్, 50 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి, 0.1 నార్మల్ ఆల్కహాలిక్ పొటాష్‌తో (ఆల్కహాల్‌లో కరిగించిన పొటాషియం హైడ్రాక్సైడ్) టైట్రేట్ చేయండి, అంటే ఆమ్లం తీరేదాకా చుక్కలుగా పోసి ఎంత పట్టిందో కొలవండి. నూనె నల్లగా ఉండి రంగు మార్పు కనిపించదు, పీహెచ్ మీటర్ పెట్టండి. నూనె లేకుండా ఉత్త సాల్వెంట్‌కి ఎంత పట్టిందో అది తీసేయండి. మిగిలిన మి.లీ.ని నార్మాలిటీతో, 56.1తో గుణించి నూనె గ్రాములతో భాగించాలి. 12 మి.లీ. పట్టిందంటే 67. మొదటి డ్రమ్ము నూనె, రెండో డ్రమ్ము నూనె వేరువేరుగా రాసిపెట్టండి. బెడ్ కొత్తగా ఉన్నప్పటి సంఖ్యకి రెట్టింపు అయితే కాల్చే వేళ.

క్లోరైడ్‌కి: 50 మి.లీ. నూనె, 50 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కుదిపి, నీళ్లు విడదీసి, నైట్రిక్ ఆమ్లం రెండు చుక్కలు, సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు. తెల్లటి తెర వస్తే సున్నం అయిపోయింది. ఇది నీళ్లలోకి దిగే క్లోరైడ్‌నే చూపిస్తుంది. నూనెలోనే బిగిసిన క్లోరిన్ కోసం నూనెకి కూడా రాగి తీగ పరీక్ష చేయండి.

కింది పొర నీళ్లలో ఎసిటిక్ ఆమ్లం, ఫినాల్స్ ఉంటాయి. వాటిని వంశధారకి పోయే ఏ కాలువలోకీ వదలకూడదు. పొయ్యి బాగా ఎర్రగా ఉన్నప్పుడు సన్నటి ధారగా మంటలోకి చిమ్మి కాల్చేయాలి.

#23 గుణుపురం ఫర్నేస్

థర్మోకపుల్ మార్చి, డ్రమ్ము 400 దగ్గర మార్చి ఒక బ్యాచ్ తీశామండి, ఇంకా బెడ్‌లు లేవు. మొదటి డ్రమ్ము 46 కిలోలు, అందులో కింది నీళ్లు 27. రెండోది 57 కిలోలు, గోరువెచ్చగా ఉంటే పారుతుంది, చల్లారితే నెయ్యిలా పేరుకుంటుంది. పులుపు వాసన లేదు. గడ్డ వేడినీళ్లలో కరిగి తేలింది, మైనమే. రెండో డ్రమ్ము నూనె నేరుగా బర్నర్‌కి పెట్టవచ్చా?

#24 రాయగడ బాయిలర్

పెట్టండి, కానీ ట్యాంకు 60 డిగ్రీల దగ్గర ఉంచి, లైన్‌కి కూడా వేడి ఇచ్చి, 100 మెష్ వడపోత వేసి. ట్యాంకుని మంటతో కాదు, ఆవిరి కాయిల్‌తోనే వేడి చేయండి. తేలిక భాగాలు ఉంటాయి కాబట్టి మూత బిగించి, గాలి గొట్టానికి ఫ్లేమ్ అరెస్టర్ (మంట లోపలికి పోకుండా ఆపేది) పెట్టి, ఆ గొట్టాన్ని షెడ్డు బయటికి తీయండి. మొదటి డ్రమ్ము పై నూనెని దీంతో కలపవద్దు. బెడ్‌లు బిగించేదాకా దాన్ని వేరే ఉంచి, వేడి చేయకుండా, నెల దాటకముందే పొయ్యిలో వాడేయండి. నిలవ ఉన్నకొద్దీ చిక్కబడుతుంది.

#25 బరంపురం ల్యాబ్

రెండో డ్రమ్ము నుంచి అరలీటరు తీసి ఫ్లాష్ పాయింట్ చూపించాకే ట్యాంకు నింపండి. ఆ అంకె తెలియకుండా 60 డిగ్రీలకి వేడి చేయకండి. తక్కువ వస్తే ముందు 120 దాకా మూసిన పాత్రలో మరగనిచ్చి, తేలిక భాగాన్ని రెండో కండెన్సర్‌లో పట్టి విడిగా తీసేయాలి, తర్వాత మళ్లీ కొలవాలి.